బేస్ గిటారు, గిటారు యాంపు, తీసేసిన మూడో పిన్ను

అందరూ అడిగేది

బేస్ గిటారును మామూలు గిటారు యాంపులో పెట్టి వాయించవచ్చా అని అడుగుతూ ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తుంటాయి. కొత్తగా స్టూడియోల్లో చేరిన సౌండు ఇంజనీర్లు, చర్చిల్లో మిక్సరు దగ్గర కూర్చునేవాళ్లు, చెన్నై షోళింగనల్లూరు ఆఫీసుల్లో వారమంతా పని చేసి శనివారం బ్యాండు వాయించుకునేవాళ్లు అడుగుతారు. నేను రిటైరై తొమ్మిదేళ్లయింది. అంతకుముందు కోడంబాకంలో ఒక రికార్డింగు స్టూడియోలో ముప్పై ఒక్క సంవత్సరాలు మెయింటెనెన్సు పని చేశాను. యాంపులు, స్పీకర్లు, మైకులు, వాటిని కలిపే వైర్లు నా బాధ్యత.

వాయించవచ్చు. యాంపుకు ఏమీ కాదు. దెబ్బ తినేది స్పీకరు. బేస్ స్వరం బాగా కింద ఉంటుంది. అంత కింది స్వరం పలకాలంటే స్పీకరు కాగితం ముందుకూ వెనక్కూ చాలా దూరం కదలాలి. గిటారు కోసం చేసిన స్పీకరు అంత కదలలేదు. వాల్యూము పెంచితే మొదట పటపటమని ఒక శబ్దం వస్తుంది. అది వినగానే తగ్గించాలి. తగ్గించకపోతే కాగితం అంచు చిరుగుతుంది, లేదా లోపలి కాయిల్ కాలిపోతుంది. కాయిల్ కాలే ముందు వార్నిష్ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చేసరికి పని అయిపోయినట్టే.

అందువల్ల వాల్యూము మూడో గీత దాటనివ్వకండి. బేస్ అని రాసి ఉన్న బటన్‌ను సగానికి తగ్గించండి. శబ్దాన్ని కావాలని చీల్చి వినిపించే సదుపాయాలు వాడకండి. హాలు పెద్దదైతే యాంపును వాయించేవాడు తనకు తాను వినడానికే ఉంచుకుని, బయటివాళ్లకు వినిపించడానికి మిక్సరుకు వేరే వైరు ఇవ్వండి. ఇంతే. ఈ నాలుగు మాటలు పాటిస్తే స్పీకరు పదేళ్లు బతుకుతుంది.

అడిగినవాళ్లు థాంక్స్ చెప్పి పెట్టేస్తారు. స్పీకరు సంగతి అడిగినవాళ్లే గాని, ఆ తీగల మీద చేతులు పెట్టే మనిషి సంగతి అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. నేను కూడా అడగకుండానే రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పదలచింది ఆ రెండో సంగతి.

హమ్

మా పని ఏమిటని ఎవరైనా అడిగితే రిపేర్లు అని చెప్పేవాడిని. నిజానికి మా పని నిశ్శబ్దం తయారు చేయడం. వాయించేవాళ్లు వాయిస్తారు, పాడేవాళ్లు పాడతారు. వాళ్లు ఆగినప్పుడు ఏమీ వినపడకూడదు. ఆ ఏమీ వినపడకపోవడం మా చేతి పని.

దానికి పెద్ద శత్రువు హమ్. యాంపు ఆన్ చేయగానే కిందిస్థాయిలో వచ్చే ఒక మూలుగు. యాంపుకు ఒక ఎర్త్, మిక్సరుకు ఒక ఎర్త్ ఉండి, రెండింటినీ ఆడియో వైరు కలిపినప్పుడు ఆ చుట్టులో కరెంటు తిరిగి ఈ మూలుగు పుడుతుంది. సరైన మందు ఉంది. ఆడియో వైరు మధ్యలో అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మర్ పెడితే శబ్దం మాత్రం దాటుతుంది, హమ్ దాటదు. కాని అది పెట్టడానికి టైము కావాలి, వస్తువు చేతిలో ఉండాలి.

దొడ్డిదారి కూడా ఉంది. యాంపు ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, తీసేయడం. రెండు నిమిషాల్లో హమ్ మాయమవుతుంది.

మా చీఫ్ తమిళాయన. చెవి చాలా గొప్పది, ఓపిక లేదు. ఆర్కెస్ట్రా కండక్టరు కర్ర ఎత్తి నిలబడి ఉండగా యాంపు మూలిగితే కంట్రోల్ రూము అద్దం వెనక నుంచి నన్ను చూసేవాడు. 'హమ్ పోగణుం, అవ్వళవుదాన్' అనేవాడు. హమ్ పోవాలి, అంతే. ఎలా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన చెడ్డవాడు కాడు. కాని ఎలా అని అడగని పైవాడి దగ్గర పని చేసేవాళ్లు తమను తామే ప్రశ్నించుకోవాలి. నేను ప్రశ్నించుకోలేదు.

నా పద్ధతి శుభ్రంగా ఉండేది. ప్లగ్గు విప్పి, పచ్చ వైరు చివర టేపు చుట్టి, పిన్ను తీసి, ఆ ఖాళీ రంధ్రంలో దుమ్ము చేరకుండా ఎర్ర లక్క కరిగించి పోసి, వేలితో నున్నగా చేసేవాడిని. ఆ రోజు డైరీలో 'E తీశాను, పని అయ్యాక పెట్టాలి' అని రాసేవాడిని. డైరీ రాయడం నాకు ఇరవై ఏళ్లప్పటి నుంచి అలవాటు. ఏ యాంపు, ఏ లోపం, ఏ కొలత, అన్నీ రాస్తాను.

మా హాల్లో అందరూ చెప్పులు బయట వదిలి లోపలికి రావాలి. లోపల గోడ నుంచి గోడకు కార్పెట్టు, ఏసీ గాలికి ఎముకలా ఎండిపోయిన నేల. ఎర్త్ లేని యాంపును ముట్టుకున్నా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. తెలియలేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. నా తప్పంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

దేవదానం

మా స్టూడియోకు వచ్చే బేస్ వాద్యగాళ్లలో దేవదానం నాకు దగ్గరివాడు. వాళ్ల తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చి చేపల రేవు పక్క రాయపురంలో స్థిరపడ్డారు. నన్ను 'అన్నా' అనేవాడు. నాకంటే రెండేళ్లే చిన్న.

మామూలుగా బేస్‌ను నేరుగా మిక్సరులోకి పంపి రికార్డు చేస్తారు. దేవదానానికి అది నచ్చేది కాదు. హాలు మూలలో ఉన్న, గాజు వాల్వులతో పని చేసే పాత గిటారు యాంపులో తన బేస్ పెట్టి, దాని ముందు మైకు పెట్టమనేవాడు. అందులో వాయిస్తే స్వరానికి కొంచెం గరుకు వస్తుందని, మనిషి గొంతులా ఉంటుందని అతని వాదన. నేను పైన చెప్పిన నాలుగు జాగ్రత్తలూ మొదట అతనికే చెప్పాను. బుద్ధిగా పాటించాడు. అప్పుడప్పుడు ఆ యాంపు మీద చెయ్యి వేసి, "దీనికి నేనంటే ఇష్టం అన్నా, నేను ముట్టుకుంటే ఒళ్లు జలదరిస్తాది" అనేవాడు. నవ్వాను. ఎవరి ఒళ్లు జలదరిస్తుందో అడగలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పెద్ద హాలు మూసేశారు. పాత సామాను ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్లమన్నప్పుడు దేవదానం ఆ యాంపును ఆటోలో ఎక్కించుకుని రాయపురంలో వాళ్ల చర్చికి తీసుకెళ్లాడు. ఎక్కించడానికి నేనే ఒక చెయ్యి వేశాను.

నేను రిటైరైన మూడేళ్లకు అతను పోయాడు. ఒక శనివారం ఉదయం ప్రాక్టీసు కోసం ఒక్కడే చర్చికి వెళ్లాడు. కాసేపటికి నేల తుడిచే అంతోని అనే ముసలాయన చూస్తే, యాంపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు, ఒళ్లో గిటారు, యాంపు ఆన్‌లోనే ఉంది. గుండె అన్నారు. బీపీ ఉన్న మనిషే, యాభై ఏడేళ్లు. నేను పూలదండ తీసుకుని వెళ్లాను. ఆ యాంపు పక్కనే అరగంట నిలబడ్డాను. ప్లగ్గు వైపు చూడలేదు.

రూతు ఫోను

నిరుడు వానలు మొదలైనప్పుడు దేవదానం కూతురు రూతు ఫోను చేసింది. ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. తండ్రి పోయాక రెండేళ్లు చర్చిలో బేస్ లేకుండానే పాటలు సాగాయని, తర్వాత ఆయన గిటారు, ఆయన యాంపు తనే పట్టుకుందని విన్నాను. యాంపు గొంతు బొంగురు పోయిందట. చర్చి ఫాదర్ దాన్ని తీసేసి కొత్తది పెడదామంటున్నాడట. తనకది ఇష్టం లేదు. స్పీకరు ఒక్కటి బాగుచేసి పెట్టమని అడిగింది.

మరుసటి బుధవారం మధ్యాహ్నం వెళ్లాను. రాయపురంలో ఆ వీధులు వాన లేకపోయినా తడిగానే ఉంటాయి, చేపల ఐసు నీళ్లు కారి. చర్చి లోపల సిమెంటు నేల. సముద్రపు గాలికి ఆ నేల ఎప్పుడూ చెమట పట్టినట్టు ఉంటుంది. దాని మీద అంతోని రోజూ తడిగుడ్డ వేస్తాడు. గుమ్మం దగ్గర చెప్పులు వదిలి లోపలికి వెళ్లాం.

రూతు యాంపు ఆన్ చేసి, గిటారు తగిలించుకుని, కింది తీగ మీటింది. స్వరం వెనక ఒక గరగర వచ్చింది. కాగితం అంచు చిరిగిన శబ్దమని వెంటనే తెలిసింది. కాని ఖాళీ చర్చిలో అది మరోలా వినపడింది. మాట్లాడబోయే మనిషి గొంతు సవరించుకున్నట్టు ఉంది. నేను అనుకున్నది ఆ పిల్లకు అర్థమైనట్టుంది.

"నాయన అట్నే కదా మామా దగ్గేవాడు," అంది.

స్పీకరు మార్చడం పెద్ద పని కాదన్నాను. ఆమె యాంపు ఆపలేదు. తీగల మీద చెయ్యి అలాగే ఉంచి, నా వైపు చూడకుండా చెప్పింది.

"నవ్వబాకండి మామా. నాయన వస్తా ఉంటాడు."

ఎక్కడికని అడిగాను.

"ఈడికే. ఈ వేళ్లకు తెలుస్తాది. చిన్నప్పుడు తప్పు వాయిస్తే వేళ్ల మీద చిన్నగా కొట్టేవాడు చూడండి, అట్నే. ప్రతి ఆదివారం రాడు. కొన్ని ఆదివారాలు ఎంత చూసినా రాడు. వాన పడితే మాత్రం తప్పకుండా వస్తాడు. పాడేదానికి మైకు దగ్గరికి పోతే పెదవికి కూడా తగలతాడు."

ఎండ ఉంది, కిటికీలు తెరిచి ఉన్నాయి, బయట చేపలమ్మేవాళ్ల కేకలు వినపడుతున్నాయి. అయినా మెడ వెనక వెంట్రుకలు లేచాయి. దయ్యాల భయంతో కాదు. ఆమె చెబుతున్న ప్రతి మాటకూ నా దగ్గర అర్థం ఉంది. ఆ అర్థం ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతోంది.

"ఇంకోటి," అంది రూతు. "ఈ మధ్య గట్టిగా పట్టుకుంటా ఉండాడు. పోయిన వారం కాసేపు చెయ్యి వదల్లేదు."

తీగల మీద నుంచి చెయ్యి తియ్యమని చెప్పాను. ఆమె తీసింది. గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చి ఆపి, ఎక్స్‌టెన్షన్ పెట్టె నుంచి ప్లగ్గు లాగి చేతిలోకి తీసుకున్నాను. రెండు పిన్నులు ఉన్నాయి. మూడోది ఉండాల్సిన చోట ఎర్ర లక్క, వేలితో నున్నగా చేసి ఉంది. లక్క మీద నా బొటనవేలి గీతలు ఇంకా ఉన్నాయి.

కొలత

పాత వాల్వు యాంపుల్లో కరెంటు లైను నుంచి ఇనప పెట్టెకు ఒక చిన్న కెపాసిటర్ కలిపి ఉంటుంది. వయసు మీద పడ్డాక అది లీకవుతుంది. ఎర్త్ ఉంటే ఆ లీకు కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఇనప పెట్టెలో కాచుకుని ఉంటుంది. ఇనప పెట్టె నుంచి గిటారు వైరుకు, వైరు నుంచి తీగలకు, తీగల నుంచి వేళ్లకు, వేళ్ల నుంచి ఒంటికి, ఒంటి నుంచి తడి నేల మీద ఉన్న చెప్పుల్లేని పాదాలకు దారి ఉంది. మైకుకు మిక్సరు ద్వారా వేరే ఎర్త్ ఉంది, అందుకే పెదవికి తగిలేది. వాన పడితే నేల ఇంకా తడుస్తుంది.

కొన్ని ఆదివారాలు రాకపోవడానికీ కారణం ఉంది. మూడు పిన్నుల ప్లగ్గును ఒకే పద్ధతిలో పెట్టగలం. మూడోది తీసేస్తే ఎటు తిప్పి అయినా పెట్టవచ్చు. ఒక వైపు పెడితే లీకు ఉండదు, ఇంకో వైపు పెడితే ఉంటుంది. ఆదివారం పొద్దున ప్లగ్గు పెట్టేది అంతోని. ఎటు తిప్పి పెడతావని అతన్ని పిలిచి అడిగాను. "ఎటు దూరితే అటు సార్," అన్నాడు.

ఇద్దరినీ దూరంగా నిలబెట్టి, రెండు వైపులా పెట్టి కొలిచాను. మనిషి ఒంటికి బదులుగా ఒక రెసిస్టర్ పెట్టి చూశాను. ఒక వైపు దాదాపు ఏమీ లేదు. రెండో వైపు వచ్చిన అంకె జిల్లుమనే స్థాయిని దాటింది. పట్టుకున్న చెయ్యి వదిలించుకోలేని స్థాయికి బాగా దగ్గరలో ఉంది. ఇంకొక వానాకాలం గడిస్తే ఆ కెపాసిటర్ పూర్తిగా పోతుంది. ఆ రోజు అంతోని ప్లగ్గు ఏ వైపు పెడతాడన్నదే తేడా.

ఆ ప్లగ్గును అక్కడే కత్తిరించి జేబులో వేసుకున్నాను. యాంపును ఇంటికి తీసుకెళ్తున్నానని, శనివారం తెస్తానని చెప్పాను. ఆదివారం లోపలే తెస్తారు కదా అని రూతు రెండుసార్లు అడిగింది. లోపల ఏమి చేస్తారని అడగలేదు. గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట అంది:

"స్పీకరు మార్చండి మామా, పర్వాలేదు. ఇంకేమీ కదిలించబాకండి. నాయన యాడ ఉంటాడో మనకు తెలీదు కదా."

డైరీలు

ఇంటికి వచ్చి డైరీలు దించాను. 'E తీశాను' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో ఒక్కో పుస్తకం తిరగేశాను. గురువారమంతా అదే పని. పద్నాలుగు చోట్ల ఉంది. పదకొండు చోట్ల తర్వాత ఒక తేదీన 'E పెట్టాను' అని ఉంది. మూడింటికి లేదు.

ఒకటి తుక్కు కింద విరగ్గొట్టామని రాసుకున్నాను. రెండోది దేవదానం యాంపు. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: 'గిటారు యాంపు, బేస్ కోసం. హమ్ ఎక్కువ. E తీశాను, పని అయ్యాక పెట్టాలి. చీఫ్ సంతోషం. దేవదానం బాగా వాయించాడు.' తర్వాతి పేజీల్లో ఆ యాంపు పేరు నాలుగుసార్లు వస్తుంది. వాల్వు మార్చాను, బటన్ మార్చాను, చక్రం బిగించాను. పిన్ను ఊసు లేదు. చర్చికి పంపిన రోజు 'యాంపు కండిషన్ బాగుంది' అని కూడా రాశాను.

మూడోది ఎక్కడుందో తెలియదు. మనలిలో ఒక ఫ్యాక్టరీ ఆర్కెస్ట్రా వాళ్లు తీసుకున్నారని గుర్తు. తర్వాత ఆ ఫ్యాక్టరీ దాకా వెళ్లాను. ఆర్కెస్ట్రా ఎప్పుడో ఆగిపోయిందట, సామాను ఎవరు తీసుకెళ్లారో చెప్పగలిగినవాళ్లు లేరు. ఎక్కడో ఒకచోట, ఏ మాత్రం హమ్ లేకుండా, అది ఇప్పటికీ మోగుతూ ఉండవచ్చు. మీ చేతికి వచ్చిన ప్లగ్గులో ఎర్ర లక్క కనిపిస్తే అది నా పనే. నన్ను అడగనక్కర లేదు, వెంటనే మార్చేయండి.

కొత్తవాళ్లకు ఒక మాట. డైరీ రాసినంత మాత్రాన పని చేసినట్టు కాదు. 'పెట్టాలి' అని రాసిన క్షణంలో నా మనసుకు అది పెట్టేసినట్టే అనిపించింది. రాసే అలవాటు ఉన్నవాళ్లకే ఈ జబ్బు వస్తుంది. అప్పటి నుంచి నేను రాసే పద్ధతి మార్చాను. తీసేసిన పిన్నును ఆ పేజీకే టేపుతో అంటిస్తాను. దాన్ని తిరిగి పెట్టేదాకా పుస్తకం మూత పడదు.

శుక్రవారం యాంపు విప్పాను. లీకయ్యే కెపాసిటర్ తీసేశాను. మూడు తీగల కొత్త వైరు వేసి, ఎర్త్‌ను ఇనప పెట్టెకు బోల్టుతో బిగించాను. చిరిగిన స్పీకరుకు బదులు, బేస్ కదలికకు తట్టుకునే గట్టి స్పీకరు పెట్టాను. హమ్ కోసం, ఇరవై అయిదేళ్ల క్రితం పెట్టాల్సిన ఆ అగ్గిపెట్టె ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. అంతా నాలుగు గంటల పని.

ఇంకొకటి మర్చిపోకూడదు. యాంపుకు ఎర్త్ ఉన్నా గోడకు లేకపోతే ఆ పిన్ను అలంకారమే. అదే రోజు చర్చికి వెళ్లి టెస్టు బల్బుతో చూస్తే, యాంపు పెట్టే వైపు గోడలో ఎర్త్ చచ్చిపోయి ఉంది. ఫాదర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఆ మధ్యాహ్నమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, వెనక ఆవరణలో గొయ్యి తవ్వించి, రాగి కడ్డీ దింపి, బొగ్గూ ఉప్పూ పోయించాడు. లీకు వస్తే కరెంటును దానంతటదే ఆపేసే స్విచ్చి కూడా పెట్టించాం.

శనివారం ఉదయం

రూతుకు చెప్పకుండా వదిలేయవచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. యాంపు బాగైంది, ప్రమాదం పోయింది. తండ్రి ఇక రావడం లేదని కొన్నాళ్లు బాధపడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. కాని ఇంకెక్కడైనా, ఇంకో యాంపు ముందు, వేళ్లకు ఆ జిల్లుమనడం తగిలితే ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకోదు. తండ్రి అనుకుని ఉంచేస్తుంది. చెప్పకపోతే ఈ యాంపు బాగైనా ఆమెకు ప్రమాదం పోదు.

చర్చిలో అంతోని నేల తుడిచి వెళ్లాడు. యాంపు దించి, ప్లగ్గు పెట్టి, మూడు చోట్ల మూడుసార్లు కొలిచాను. వాయించేచోట ఒక రబ్బరు చాప పరిచాను. రూతు వచ్చి చాప మీద నిలబడి కింది తీగ మీటింది. గరగర లేదు. స్వరం శుభ్రంగా, లావుగా వచ్చి ఆగింది. ఆగాక ఏమీ వినపడలేదు. హమ్ లేదు, గొంతు సవరింపు లేదు. నా జీవితమంతా తయారు చేసిన నిశ్శబ్దం అదే. అంత భయపెట్టే నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఆమె తీగల మీద వేళ్లు ఉంచి చాలాసేపు చూసింది. ఎవరైనా తలుపు తీస్తారేమోనని చూసే మనిషిలా.

అప్పుడు చెప్పాను. హమ్, పిన్ను, లక్క, డైరీలో రాసింది, అంతోని ప్లగ్గు తిప్పడం, వాన. ఒక్కటీ వదల్లేదు. లెక్కల టీచరు కాబట్టి మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు అడిగింది, రెండూ సరైన ప్రశ్నలే. అంతా విన్నాక గిటారు మీద చూపు ఉంచే మాట్లాడింది.

"అంటే ఇన్ని ఆదివారాలూ నా చెయ్యి పట్టుకుంది మీరా మామా?"

చేతిలో ఉన్న మీటరును ఆపేశాను.

"నాయన పోయిన రోజు కూడా ఈడ నేల తడిగానే ఉండింది," అంది. "అంతోని తాత తుడిచిపోయినాకే కదా ఆయన వచ్చింది."

గుండె అని డాక్టరు రాశాడని, అది నిజం కావచ్చని, కాకపోవచ్చని, ఆనాడు ఎవరూ కొలవలేదు కాబట్టి ఇక తెలుసుకునే దారి లేదని చెప్పాను. నాకు తెలిసిన అతి నిజమైన మాట అదే. ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు, తిట్టలేదు.

"ఇప్పుడు సరిగ్గా చేసుండారా?"

"చేశాను."

"రాసుకోవడం కాదు. చేసుండారా?"

"చేశానమ్మా. మూడుసార్లు కొలిచాను."

రూతు కాలితో ఆ రబ్బరు చాపను పక్కకు నెట్టింది. చెప్పుల్లేని పాదాలతో తడి సిమెంటు మీద నిలబడింది. వద్దని అనబోయాను. అంటే నా పని మీద నాకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు. మీటరు నా చేతిలోనే ఉంది, ఇంకొకసారి కొలవాలని వేళ్లు పీకుతున్నాయి. ఆమె ఎడమ అరచేతిని నాలుగు తీగల మీదా పూర్తిగా పరిచింది. నా కళ్లలోకి చూస్తూ, కుడి చేత్తో మైకును పిడికిలి బిగించి పట్టుకుంది.

అలా ఎంతసేపు ఉందో నేను డైరీలో రాయలేదు. బయట ఐసు లారీ ఒకటి వచ్చి, ఐసు దింపి, వెళ్లిపోయింది. ఆమె ముఖంలో ఏదైనా కదులుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. కదలకూడదని కోరుకుంటూ నేను. కదలాలని కోరుకుంటూ తను.

చివరికి మైకు వదిలింది. ఆ చేతి వేళ్లను విప్పి, ఒక్కొక్కదాన్ని చూసుకుంది.

"ఏమీ లేదు మామా," అంది. తర్వాత, నాకు చెప్పినట్టు కాకుండా, "ఎవరూ లేరు," అంది.